రాతి తొట్టి పలికే సాక్ష్యం



ఆదివారం మందిరంలోకి వచ్చేటప్పుడు మనలో చాలామందిమి బాప్తిస్మపు తొట్టిని చూడకుండానే దాటిపోతాము. దాని వెనుక ఎన్నో శతాబ్దాల చరిత్ర ఉంది.

మధ్యయుగపు ఐరోపాలో ఈ తొట్టిని తరచు ఒకే రాతిలో తొలిచి, ద్వారం దగ్గర నిలిపేవారు. బాప్తిస్మమే సంఘప్రవేశమని దాని అర్థం. అప్పట్లో శిశువులను నీళ్లలో ముంచేవారు గనుక తొట్టి లోతుగా ఉండేది. నీరు ఇంకిపోకుండా లోపల సీసపు రేకు పరిచేవారు. ప్రతిష్ఠించిన నీటిని మంత్రతంత్రాలకు ఎత్తుకుపోకుండా తొట్లకు మూత, తాళం ఉండాలని 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఎడ్మండ్ ఆజ్ఞాపించాడు.

ఇంగ్లండులోని హాంప్‌షైరులో ఈస్ట్ మియాన్ అనే గ్రామముంది. అక్కడి సంఘమందిరంలో 12వ శతాబ్దపు నల్లరాతి తొట్టి నేటికీ ఉంది. ఆ రాయి ఇప్పటి బెల్జియంలోని టూర్నే నుండి వచ్చింది. దాని మీద ఆదాము హవ్వల సృష్టి, శోధన, ఏదెను నుండి వెళ్లగొట్టబడడం చెక్కారు. ఆపైన దేవదూత ఆదాముకు పారతో నేల తవ్వడం చూపుతుంటాడు. హవ్వ నూలు వడుకుతుంటుంది. బోధను చేలలో గట్లు తవ్వే మన రైతుకు ఆ ఆదాము పరాయివాడు కాడు.

ఆ ఊళ్లో దొర బిడ్డకైనా, కూలివాని బిడ్డకైనా బాప్తిస్మం ఆ తొట్టి దగ్గరే. మన మెదక్ డయోసిస్ ప్రాంతానికి వెస్లియన్ మిషనరీలు బ్రిటన్ నుండి తెచ్చిన బాప్తిస్మము కూడా అందరికీ ఒక్కటే. ఊరిబావిలో చేద వేయనివ్వని రోజులు మన తాతలు చూశారు. అలాంటి వారికి బాప్తిస్మపు నీళ్ల దగ్గర మాత్రం కులం అడ్డు రాలేదు. ఇది చిన్న సంగతి కాదు.

మరి నేడు? ఒకే నీటిలో బాప్తిస్మము పొందిన మనమే పెండ్లి సంబంధాలకు కులం అడుగుతున్నాము. కమిటీ ఎన్నికలలో కులం లెక్కపెడుతున్నాము. తొట్టి దగ్గర తుడిచిపెట్టుకున్నదాన్ని గడప దాటగానే మళ్లీ నెత్తికెత్తుకుంటున్నాము. ఈ మాట ముందుగా మమ్ములనే గద్దిస్తోంది.

గలతీ పత్రిక 3వ అధ్యాయము చివరి వచనాలు ఈ వారం కుటుంబ ప్రార్థనలో చదవండి. మీ సంఘంలో ఈసారి బాప్తిస్మము జరిగినప్పుడు, బిడ్డ పక్షాన సంఘమంతా లేచి చేసే ప్రమాణాన్ని జాగ్రత్తగా వినండి. ఆ ప్రమాణానికి మనం కట్టుబడకపోతే, మనమీద సాక్ష్యం పలికేది ఆ రాయే.