గ్రామసభ ముందుకు సర్పంచ్ ఆరోగ్య, రక్షణ నివేదిక

గ్రామ పంచాయతీ పాలనలో సర్పంచ్ గ్రామసభ ముందు ఉంచే అంశాలు అనేకం. వాటిలో ప్రజల ప్రాణాలతో నేరుగా ముడిపడినది ఆరోగ్యం, పారిశుధ్యం, రక్షణ చర్యలపై ఇచ్చే నివేదిక. అయితే సిమెంటు రోడ్లు, వీధి దీపాలు, ఇళ్ల మంజూరుపై జరిగినంత చర్చ దీనిపై జరగదు. ఎన్ని బస్తాల బ్లీచింగ్ పౌడరు కొనుగోలు చేశారో, ఎంత సొమ్ము చెల్లించారో చదివి ముగించడం పలుచోట్ల ఆనవాయితీగా మారింది. బస్తాల లెక్క పద్దు పుస్తకానికి సరిపోతుంది. ఊరి చివరి కుళాయిలో వచ్చే నీటిలో క్లోరిన్ ఉన్నదీ లేనిదీ ఆ లెక్క వల్ల తెలియదు. ఈ నివేదికకు గల చట్టబద్ధ ఆధారం, అందులో ఉండవలసిన వివరాలు, వాటిని పరిశీలించే విధానం పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ఈ దిగువ పొందుపరచడమైనది.

చట్టం ఏమి చెబుతోంది

1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 243-జి అధికరణం ద్వారా పంచాయతీలకు బదలాయించదగిన 29 అంశాలను 11వ షెడ్యూలులో చేర్చింది. ఇందులో 11వ అంశం తాగునీరు. 23వ అంశం ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో సహా ఆరోగ్యం, పారిశుధ్యం. కుటుంబ సంక్షేమం, స్త్రీ శిశు అభివృద్ధి ఆ తరువాతి రెండు అంశాలు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 6వ సెక్షన్ ప్రకారం గ్రామసభ సంవత్సరానికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలి. వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదికతో పాటు గడచిన సంవత్సరపు పాలనా నివేదికను సభ ముందుంచాలి. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో వచ్చిన 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను రెండు నెలలకు ఒకసారి జరపాలని నిర్దేశించింది. కాబట్టి ఆరోగ్య పరిస్థితిని గ్రామస్థులకు వివరించడం సర్పంచ్ దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం కాదు, చట్టం విధించిన బాధ్యత.

నిధుల విషయానికి వస్తే, 2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద గ్రామ స్థాయిలో ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీలు ఏర్పడ్డాయి. ఒక్కొక్క కమిటీకి ఏటా రూ.10,000 వరకు స్థానిక అవసరాలకు ఖర్చు చేసుకునే వీలు కల్పించారు. ఇది చిన్న మొత్తమే. పెద్ద వనరు ఆర్థిక సంఘం గ్రాంటు. 2021-22 నుంచి 2025-26 వరకు 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే వినియోగించాలని షరతు విధించింది. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే ఈ నిధులు విడుదలవుతాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి 1తో సర్పంచుల పదవీకాలం ముగియగా, 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగేవరకు పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. ఆ ఎన్నికల్లో గెలిచిన సర్పంచుల తొలి నివేదికలను పరిశీలించేవారు ఈ విరామాన్ని దృష్టిలో ఉంచుకోవాలి.

తాగునీరు: అసలు పరీక్ష

గ్రామ ఆరోగ్య నివేదికలో అన్నింటికంటే ముందు చూడవలసినది తాగునీటి భాగం. భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రకారం క్లోరినేషన్ చేసిన నీరు కుళాయి వద్దకు చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకులో ఎంత కలిపారన్నది కాక, కుళాయి వద్ద ఎంత మిగిలిందన్నదే ప్రమాణం. దీనిని క్లోరోస్కోపు అనే చిన్న పరికరంతో ఊళ్లోనే కొలవవచ్చు. గొట్టంలో పట్టిన నీటిలో రెండు మూడు చుక్కల రసాయనం వేస్తే పసుపు రంగు తేలుతుంది. ఆ రంగును పక్కనున్న రంగుల పట్టికతో పోల్చి అంకె నమోదు చేయాలి. రంగు తేలకపోతే క్లోరిన్ లేనట్టే.

బ్లీచింగ్ పౌడరు తాజాగా ఉన్నప్పుడు అందులో సుమారు 33 శాతం క్లోరిన్ లభిస్తుంది. ఎండ, గాలి, తేమ తగిలిన కొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. పంచాయతీ కార్యాలయం మూలన మూతి విప్పి ఉంచిన బస్తాలోని పౌడరు కొన్నాళ్లకు ముగ్గుపిండితో సమానం. మంచి పౌడరు అయితే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, అంటే 40,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు 100 గ్రాములు కనీస మోతాదు. నీరు మురికిగా ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. పౌడరును నేరుగా ట్యాంకులో కుమ్మరించరాదు. బకెట్టు నీటిలో కలిపి, సున్నపు మడ్డి అడుగుకు చేరాక పైతేట నీటిని మాత్రమే పోయాలి. ఆపై కనీసం అరగంట ఆగి నీరు వదలాలి. మోటారు వేసిన వెంటనే నీరు వదిలే గ్రామాల్లో ఈ అరగంట నియమం తరచుగా తప్పుతోంది. విద్యుత్ సరఫరా వేళలు, పనులకు పోయేవారి తొందర ఇందుకు కారణాలు. పంపు ఆపరేటరు ఒక్కడి నిర్లక్ష్యంగా దీనిని చూపడం సరికాదు.

నీరు కలుషితమయ్యే మరొక చోటు కుళాయి గుంత. నీటి ఒత్తిడి తక్కువగా ఉన్న వీధుల్లో గృహస్థులు గొట్టాన్ని నేల మట్టానికి దిగువన కోసి, గుంత తీసి, అందులో బిందె పెట్టి నీరు పట్టుకుంటారు. సరఫరా ఆగిన తరువాత ఆ గుంతలో వర్షపు నీరు, మురుగు నిలుస్తుంది. గొట్టంలో ఒత్తిడి పడిపోగానే ఆ మురుగును గొట్టమే లోపలికి పీల్చుకుంటుంది. కొందరు పైపులకు నేరుగా మోటార్లు బిగించడం వల్ల ఈ పీల్పు మరింత పెరుగుతుంది. ట్యాంకు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ వీధి వరకు ప్రయోజనం ఉండదు. కుళాయి గుంతలు పూడ్చడం గృహస్థులకు ఇష్టం లేని పని కనుక సర్పంచులు దీని జోలికి పోవడానికి వెనుకాడుతారు. నివేదికలో ఎన్ని గుంతలు గుర్తించారు, ఎన్ని పూడ్చారు, పూడ్చిన ఇళ్లకు నీటి ఒత్తిడి పెంచేందుకు ఏమి చేశారు అనే మూడు అంకెలు ఉన్నట్లయితే ఆ పంచాయతీ పని చేస్తున్నట్టు భావించవచ్చు.

విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో ప్రబలిన అతిసారం ఈ నిర్లక్ష్యానికి చెల్లించవలసి వచ్చే మూల్యాన్ని రాష్ట్రం ముందుంచింది. మారుమూల తండా కాదు, అది మండల కేంద్రం. ఆ నెల 21న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గ్రామాన్ని సందర్శించి బాధితులను పరామర్శించారు. మరణాల సంఖ్యపై అప్పట్లో వేర్వేరు లెక్కలు వెలువడ్డాయి. మరణం అతిసారం వల్లనా, అంతకుముందే ఉన్న జబ్బు వల్లనా అన్న వాదం ప్రతి ప్రబలింపులోనూ తలెత్తేదే. 24 గంటల్లో మూడు లేక అంతకు మించి నీళ్ల విరేచనాలైన ప్రతి వ్యక్తి వయసు, వీధి, లక్షణాలు మొదలైన తేదీ, నీరు పట్టుకున్న చోటు మొదటి రోజు నుంచే ఒక జాబితాలో రాస్తే ఈ వాదానికి తావు తగ్గుతుంది. ఏ కుళాయి కింద కేసులు గుమిగూడాయో కూడా ఆ జాబితాయే చెబుతుంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం నింపే వ్యాధి నిఘా పత్రాలు, పంచాయతీ కార్యదర్శి వద్ద ఉండే మరణాల రిజిస్టరు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం పాత్రికేయులకు తెలిసిన పద్ధతే. సర్పంచ్ కూడా అదే పని చేయవచ్చు.

దోమల నివారణ

వారానికి ఒక రోజు నీటి తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే కార్యక్రమం రెండు రాష్ట్రాల్లోనూ అమలులో ఉంది. వారం అనే వ్యవధికి కారణం దోమ జీవితచక్రం. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమగా మారేందుకు సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. డెంగీని వ్యాపింపజేసే దోమ ఇంటి మంచినీటిలో పుట్టి పగటిపూట కుడుతుంది. అందువల్ల సాయంత్రం వీధుల్లో పొగ వేయడం కంటికి కనిపించే కార్యక్రమమే తప్ప డెంగీ అదుపులో దాని పాత్ర పరిమితం. ఎన్నిసార్లు ఫాగింగ్ చేశారన్న దానికంటే ఎన్ని ఇళ్లు తనిఖీ చేశారు, ఎన్నింటిలో లార్వా కనిపించింది అన్న అంకెలకే విలువ ఎక్కువ.

తెరిచి ఉన్న బోరుబావులు

రక్షణ భాగంలో తప్పనిసరిగా ఉండవలసినది బోరుబావుల వివరం. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో 2017 జూన్‌లో, మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో 2020 మేలో బోరుబావుల్లో పడి పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. రెండవ ఘటనలో అది కొత్తగా తవ్వి, నీరు పడక వదిలేసిన బోరు. పాత బోర్ల జాబితా తయారుచేసి చేతులు దులుపుకుంటే చాలదని ఇది తెలియజేస్తోంది. వేసవిలో రిగ్గు లారీ ఊళ్లోకి వచ్చిన రోజే పంచాయతీ కన్ను దానిపై ఉండాలి.

సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బోరు తవ్వే భూయజమాని 15 రోజుల ముందుగా జిల్లా కలెక్టరు, సర్పంచ్ వంటి అధికారులకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తవ్వే సంస్థ జిల్లా యంత్రాంగం వద్ద నమోదై ఉండాలి. పనిచోట సంస్థ, యజమాని పేర్లతో బోర్డు, చుట్టూ కంచె ఉండాలి. కేసింగు గొట్టం చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, మూతిని వెల్డింగు చేసిన లేక బోల్టులు బిగించిన ఇనుప పలకతో మూయాలి. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేల మట్టం వరకు నింపాలి. గ్రామీణ ప్రాంతాల్లో దీనిని పర్యవేక్షించే బాధ్యతను సర్పంచ్, వ్యవసాయ శాఖ అధికారికి అప్పగించింది. గోనెసంచి కప్పి రాయి పెట్టడం ఈ నిబంధనల్లో ఎక్కడా లేదు, పొలాల్లో మాత్రం తరచు కనిపించేది అదే. బోరు పడక అప్పుల పాలైన రైతుకు పూడ్చే ఖర్చు కూడా భారమే. ఉపాధి కూలీల సాయమో, పంచాయతీ ట్రాక్టరో సమకూర్చిన చోట ఈ పని తేలికగా జరుగుతుంది.

వడదెబ్బ విషయమై రెండు మాటలు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు మరణించారు. చలివేంద్రాల సంఖ్యతో పాటు ఉపాధి పనుల వేళలు మార్చారా, పనిచోట నీడ, ఓఆర్ఎస్ ఉన్నాయా అన్నది కూడా నివేదికలో ఉండాలి.

ఒక గ్రామం అనుభవం

వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి 1994లో ప్రత్యేక పంచాయతీగా ఏర్పడింది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం పొందింది. తాగునీరు, పారిశుధ్యం, ఆరోగ్యం వంటి ఒక్కో పనికి గ్రామస్థులతో ఒక్కో కమిటీ వేసుకోవడం ఈ గ్రామం ప్రత్యేకత. ఫ్లోరైడ్ సమస్యకు శుద్ధి జల కేంద్రం ఏర్పాటు చేసుకుని, దాని నిర్వహణను కమిటీ చూసుకుంది. ఇంటి పన్ను పూర్తిగా వసూలు కావడానికి కూడా ఇదే కారణంగా చెబుతారు. సర్పంచ్ ఒక్కడే చదివే నివేదికకూ, ఏ కమిటీ లెక్క ఆ కమిటీ చెప్పే సభకూ ఉన్న తేడా ఇక్కడ స్పష్టం. చిన్న గ్రామం కనుక సాధ్యమైందన్న విమర్శలోనూ కొంత నిజం లేకపోలేదు.

నివేదిక ప్రతి, గ్రామసభ తీర్మానాల పుస్తకం, నీటి పరీక్షల రిజిస్టరు పంచాయతీ కార్యాలయంలో అందుబాటులో ఉంటాయి. సమాచార హక్కు చట్టం, 2005 కింద గ్రామ పంచాయతీకి పౌర సమాచార అధికారి పంచాయతీ కార్యదర్శి. దరఖాస్తు అందిన 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. వ్యక్తి ప్రాణానికి లేక స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి.