కంది చేలో జీతం లేని పనివాళ్లు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎర్ర చెలకల్లో కందిని పెద్ద పంటగా ఎవరూ లెక్కపెట్టరు. మొక్కజొన్నలోనో జొన్నలోనో సాళ్ల మధ్య వేస్తారు. అసలు పంట కోసుకుపోయాక అది ఒంటరిగా నిలబడి, దసరా దాటాక పసుపు పూలతో నిండుతుంది. ఆ పూల మీద ముసిరే ఈగల వైపు చూసేవాళ్లు తక్కువ. అయితే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇక్కడి నుంచి పడమటికి వెళ్తే వచ్చే పటాన్‌చెరులో, ఆ ఈగలతో శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్లకు పైగా వేగారు. మొదట వాటిని పూల దగ్గరికి రానీయకుండా చెయ్యడానికి, తర్వాత అవి రావాలని కోరుకుంటూ.

కంది పువ్వును విప్పి చూస్తే దానికి ఈగతో పనే లేదనిపిస్తుంది. ద్రోణి అనే కింది రెండు రేకులు కలిసిపోయి, పుప్పొడి తిత్తులనూ కీలాగ్రాన్నీ లోపల దాచుకుంటాయి. మొగ్గ విచ్చకముందే తిత్తులు పగిలి పుప్పొడి రాలుతుంది. అంటే ఇంటి పెళ్లి ఇంట్లోనే జరిగిపోతుంది. మరి అలాంటప్పుడు తెల్ల గింజ వేసిన రైతు చేలో రెండేళ్లు తిరిగేసరికి ఎర్ర గింజ ఎలా వచ్చింది? బీహార్‌లోని పూసాలో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్, గాబ్రియెల్ హోవర్డ్ దంపతులు 1919లో దీనికి జవాబు చెప్పారు. కందిలో పరపరాగ సంపర్కం కూడా జరుగుతోందని వాళ్లు రాశారు. ఎండు పుస్తకాల్లో ఆ మాట చాలాకాలం అలాగే పడి ఉంది.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన కేంద్రం మొదలైంది. దాదాపు 1,400 హెక్టార్ల ఆవరణ, చెరువులు, చెట్లు, ఎర్రనేల, నల్లరేగడి. దేశదేశాల నుంచి వేల రకాల కంది విత్తనాలు అక్కడికి చేరాయి. ఒక్కో రకాన్నీ కల్తీ లేకుండా నిలబెట్టడం పెంపకందారుల పని. ఆ పని ఒక్క పూత కాలంలోనే చేతులు దాటిపోయేది. పక్క సాలులోని రకం ఈ సాలులోకి వచ్చేసేది. దాంతో కొమ్మలకు గుడ్డ సంచులు కట్టారు, మొక్కల మీద వలలు కప్పారు. ఆ రోజుల్లో అక్కడ తేనెటీగ అంటే దొంగ కిందే లెక్క.

ఆ దొంగ ఎవరో పోల్చుకునే పని మీద ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ కేంద్రానికి చెందిన ఇంగ్రిడ్ విలియమ్స్ దృష్టి పెట్టారు. మన కంది పూల మీద వాలే కీటకాల తీరు గురించి ఆమె రాసిన వ్యాసం 1977లో అచ్చయింది. గాలికి ఇందులో పాత్ర లేదు, పని అంతా ఈగలదేనని అలాంటి పరిశీలనల వల్ల తేలింది. వీటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి బండల కిందా ఎత్తయిన కొమ్మలకూ పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ. రెండోది మనం పేరు కూడా పెట్టుకోని ఒంటరి ఈగ, మెగాకైల్. దానికి పట్టు లేదు, రాణి లేదు, మనకిచ్చే తేనె లేదు. కన్నం దొరికితే అందులో గదులు కట్టుకుని గుడ్లు పెడుతుంది. ఇది ద్రోణి మీద బరువుగా వాలగానే రేకులు కిందికి జారి, పుప్పొడి దాని పొట్ట అడుగున ఉన్న వెంట్రుకలకు అంటుకుంటుంది. తేనెటీగ పుప్పొడిని తేనెతో తడిపి కాళ్లకు ముద్దగా అతికించుకుంటుంది. మెగాకైల్ పొడిగానే మోస్తుంది, అందుకే దాని పొట్ట నుంచి పుప్పొడి తర్వాతి పువ్వు మీద ధారాళంగా రాలుతుంది. మనకు తేనె ఇవ్వని ఈగను మనం గుర్తుపెట్టుకోలేదు గానీ, కంది మాత్రం గుర్తుపెట్టుకుంది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. దేశంలో కంది దిగుబడి దశాబ్దాల తరబడి హెక్టారుకు ఏడు క్వింటాళ్ల దగ్గరే ఆగిపోయింది. హైబ్రిడ్ తయారు చేస్తే గానీ అది కదిలేలా లేదు. హైబ్రిడ్ అంటే ఒక రకం పుప్పొడిని మరో రకం పువ్వుకు చేర్చాలి. గద్వాల పత్తి విత్తన చేలలో కూలీలు పువ్వు పువ్వుకూ చేత్తోనే ఆ పని చేస్తారు. కరీంనగర్ వైపు హైబ్రిడ్ వరిలో వెన్నుల మీదుగా తాడు లాగితే పుప్పొడి గాలికి ఎగిరి చేరుతుంది. కందిలో రెండూ కుదరవు. పువ్వు చిన్నది, చేయి తగిలితే రాలిపోతుంది, పుప్పొడి గాలికి లేవదు. అప్పుడు ఎవరికో తట్టింది: ఇన్నాళ్లూ తరుముతున్న ఈగలకే ఆ పని అప్పగిస్తే?

అందుకు ముందు తన పువ్వులో తానే ఫలదీకరణ చేసుకోలేని మొక్క, అంటే పుప్పొడి లేని మొక్క కావాలి. 1974లో ఇక్రిశాట్ పెంపకందారులు వేల మొక్కల పూలు విప్పి చూస్తూ దానికోసం వెతికారు. మామూలు తిత్తులు పసుపు రంగులో ఉంటాయి. కొన్ని మొక్కల్లో మాత్రం అవి లోపల ఏమీ లేక పారదర్శకంగా కనిపించాయి. బి.వి.ఎస్. రెడ్డి, గ్రీన్, బిసెన్ 1978లో ఆ సంగతి ప్రకటించారు. మొక్క దొరకడం అదృష్టమే. అది దొరికేదాకా వెతికిన ఓపిక మాత్రం అదృష్టం కాదు.

1991లో ఐసీపీహెచ్-8 విడుదలైంది. పప్పుధాన్యాలన్నిటిలోకీ ప్రపంచంలో మొదటి హైబ్రిడ్ అదే. ఈగలు తమ పని చేశాయి, దిగుబడీ పెరిగింది. అయినా అది చేలలో నిలవలేదు. కారణం, పుప్పొడి లేని ఆ లక్షణం జన్యువుల్లో దాగిన తీరు. విత్తన చేలో తల్లిగా వాడే ఆడ వరుసలో వేసిన మొక్కల్లో సగం పుప్పొడి ఉన్నవే మొలిచేవి. మొదటి పువ్వు విచ్చగానే ఒక్కొక్క మొక్కనూ పరీక్షించి ఆ సగాన్నీ పీకెయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఈగలు తప్పుడు పుప్పొడిని మోసుకుపోతాయి. అంత కూలి పెట్టడం విత్తన కంపెనీల వల్ల కాలేదు.

అప్పుడు చూపు అడవి బంధువుల మీదికి మళ్లింది. తల్లి వైపు నుంచి మాత్రమే సంక్రమించే వంధ్యత్వం, అంటే పుప్పొడి పట్టని గుణం, దొరికితే వరుస మొత్తం పుప్పొడి లేనిదే మొలుస్తుంది. అడవి కందిని తల్లిగా, సాగు కందిని తండ్రిగా పెట్టి సంకరం చెయ్యడం మొదలైంది. ఒక అడవి జాతితో వచ్చిన మొక్కలు చలి ముదిరితే మళ్లీ పుప్పొడి పట్టేవి. మరో జాతితో గుజరాత్ శాస్త్రవేత్తలు 2004లో జీటీహెచ్-1 అనే హైబ్రిడ్ దాకా వెళ్లారు గానీ, అక్కడ రైతు చేలో కాయాల్సిన సంతానంలో పుప్పొడి నమ్మకంగా తిరిగి రాలేదు. చివరికి ఆదుకున్నది తూర్పు కనుమల్లో, బస్తర్, ఒడిశా అడవుల్లో పెరిగే కజానస్ కజానిఫోలియస్. సాగు కందికి పూర్వీకురాలిగా భావించే మొక్క అది. కె.బి. సక్సేనా బృందం 2005లో ఆ ఫలితాన్ని ప్రచురించింది. ఎండకూ చలికీ చెక్కుచెదరని వంధ్యత్వం అందులో ఉంది.

దాని మీద కట్టిన ఐసీపీహెచ్-2671 విత్తనం 2008లో పుష్కల్ పేరుతో బజారుకెక్కింది, 2010లో మధ్యప్రదేశ్‌లో అధికారికంగా విడుదలైంది. ఐదు రాష్ట్రాల రైతుల పొలాల్లో మారుతి అనే కంది రకం కంటే సగటున 28 శాతం ఎక్కువ పండింది. 2015లో తెలంగాణకు మన్నెంకొండ కంది, అంటే ఐసీపీహెచ్-2740 వచ్చింది. అయినా హైబ్రిడ్ కంది ఆశించినంతగా పాకలేదు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి మళ్లీ ఈగే.

విత్తన చేలో నాలుగు ఆడ సాళ్లకు ఒక మగ సాలు వేస్తారు. ఆడ సాలులో పుప్పొడి లేదు కాబట్టి ఈగ వస్తేనే కాయ. ఈగ రాకపోతే మొక్క పచ్చగా నిలబడి పూస్తూనే ఉంటుంది. పక్కన చెట్లు, నీళ్లు, బీడు భూమి ఉన్నచోట ఆ సాలు కాయల బరువుకు వంగుతుంది, అవి లేనిచోట వెలవెలబోతుంది. ఒక ప్రాంతంలో అడవి ఈగలు ఎన్ని మిగిలాయో చెప్పే కొలబద్ద ఇంతకంటే నిజాయితీగా ఉంటుందని నేననుకోను. పసుపు, నీలం, తెలుపు గిన్నెల్లో సబ్బునీళ్లు పోసి ఈగలను లెక్కించే పద్ధతి శాస్త్రంలో ఉంది. అది ఈగ ఉందో లేదో చెబుతుంది. కంది సాలు చెప్పేది ఈగ పని చేసిందో లేదో.

ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు తిరిగి చూడండి. విత్తన కంపెనీలు ఎక్కువగా ఉన్న వైపే బీళ్లు వెంచర్లవుతున్నాయి, గుట్టలు కంకరగా మారుతున్నాయి. కొండ తేనెటీగ కిలోమీటర్ల దూరం ఎగిరి రాగలదు. అపార్ట్‌మెంట్ బాల్కనీ కింద పట్టు పెట్టి, మంటకో మందుకో చస్తోంది కూడా. చిన్న ఒంటరి ఈగలు గూడు నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. గట్టు మీది ఎండు కట్టె, పాత గోడ కన్నం, దున్నని జాగా పోతే వాటికి ఆ ఊళ్లో బతుకు లేదు. దానికి తోడు కందికి పూత మీదే శనగపచ్చ పురుగు, మారుకా పురుగు పడతాయి. రైతు పిచికారీ చేసేదీ అప్పుడే.

అందుకే కంది వేసే రైతుకు ఒక మనవి. మందు కొట్టక తప్పకపోతే పొద్దు వాలి ఈగలు వెళ్లిపోయాక కొట్టండి, గట్టు మీద రెండడుగులైనా దున్నకుండా వదలండి. పట్నం నుంచి ఇటు వచ్చేవాళ్లు పూత మీదున్న కంది చేను కనిపిస్తే ఆగి, వాలిన ఈగను ఫోన్‌లో ఫొటో తీయండి. ఊరు పేరు, తేదీ రాసి ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఐనాచురలిస్ట్‌లోనో పెట్టండి. పొట్ట అడుగున పసుపు అంటుకుని ఉంటే, అది కూడా ఫొటోలో పడేలా పక్కనుంచి తీయండి.