కర్మాగార ద్వారమున మనస్తత్వ శాస్త్రజ్ఞుడు

హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిపై రామచంద్రాపురము, పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు సాగువారికి దారి పొడవునను కర్మాగారములు కనిపించుచునే యుండును. షిఫ్టు మారు వేళ వేలమంది కార్మికులు లోనికి పోవుదురు, వేలమంది వెలుపలికి వత్తురు. లోపలి యంత్రము అరుగుదలను కొలుచుటకు ఇంజనీరు కలడు. ద్రావణము గాఢతను కొలుచుటకు రసాయనజ్ఞుడు కలడు. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామునకు కార్మికుని అవధానము ఎంత సడలినదో కొలుచువాడెవడు? ఆ పని మనస్తత్వ శాస్త్రజ్ఞునిది. ఆ వృత్తి మన దేశమునకు వచ్చిన విధమును, దానికి కావలసిన చదువును ఈ ప్రాంతపు విద్యార్థులు తెలిసికొనుట అవసరము.

1879లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాలను నెలకొల్పుటతో ఈ శాస్త్రము స్వతంత్రమైనదని చెప్పుదురు. వుంట్ శిష్యుడైన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు పోయి, ట్రాము బండ్ల ప్రమాదములను పరిశీలించెను. చేతి నైపుణ్యము ఒక్కటే చాలదు. వీధిలో ఒకేసారి కదలు మనుష్యులను, బండ్లను గమనించి, వానిలో ఏది అడ్డు వచ్చునో ముందుగా ఊహించు శక్తి ముఖ్యమని తలచి, దానిని కొలుచుటకు ఒక పరీక్షను ఏర్పరచెను. 1913లో ఇంగ్లీషున వెలువడిన ఆయన గ్రంథము పారిశ్రామిక మనస్తత్వ శాస్త్రమునకు పునాది వేసినది.

ఆ మున్‌స్టర్‌బర్గ్ వద్ద చదివినవాడే నరేంద్రనాథ్ సేన్‌గుప్తా. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున దేశములోని మొదటి మనస్తత్వ శాస్త్ర శాఖ ఆయన ఆధ్వర్యమున ఆరంభమైనది. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి రెండవ శాఖను నడుపసాగెను. ఈయనయే తరువాత మైసూరులో సొంతముగా రేడియో కేంద్రమును స్థాపించి దానికి ‘ఆకాశవాణి’ అను పేరు పెట్టెను. 1943లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి.డి. బోజ్ ఆధ్వర్యమున ఈ శాఖ ఏర్పడినది. సైన్యమునకు అధికారులను ఎన్నుకొనుటకు డెహ్రాడూనులో మానసిక పరీక్షల మండలి నెలకొన్నదియు ఆ యేటనే. అంతవరకు బోధనావృత్తి మాత్రమే తెలిసిన పట్టభద్రులకు ప్రభుత్వము ఈ విధముగా మరియొక ద్వారము తెరచినది.

తెలుగుదేశమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1960వ దశకము చివర కె. రామకృష్ణారావు ఈ శాఖను స్థాపించిరి. తిరుపతిలో పి.వి. రామమూర్తి వార్ధక్యములోని మానసిక స్థితులపై పరిశోధన సాగించిరి.

ఇక పరిశ్రమల సంగతి. 1953లో అహమ్మదాబాదులోని ఒక బట్టల మిల్లున ఆటోమేటిక్ మగ్గములు వచ్చినను ఉత్పత్తి ఆశించినంత పెరుగలేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ పరిశీలింపగా కారణము తెలిసినది. 224 మగ్గములపై 29 మంది పని చేయుచుండిరి. వారి పనులు 12 రకములు. ఎవని పని వానిదే. ఎవరు ఎవరితో కలసి పనిచేయవలెనో స్పష్టత లేదు. వారిని చిన్న జట్లుగా ఏర్పరచి, ఒక్కొక్క జట్టునకు కొన్ని మగ్గములను అప్పగింపగా ఉత్పత్తి పెరిగినది, పాడగు గుడ్డ తగ్గినది. యంత్రములు అవియే, కార్మికులు వారే. మారినది పని యొక్క అమరిక మాత్రమే.

ఇంతకన్న మనకు సమీపమైన ఉదాహరణ హైదరాబాదులోనే కలదు. 1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌లెలండ్, ఆయన సహచరులు కాకినాడ వర్తకులను, చిన్న పరిశ్రమల యజమానులను ఇక్కడి చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించిరి. వారికి సుమారు పది దినములు శిక్షణ యిచ్చిరి. బొమ్మ చూపి కథ వ్రాయుమనుట, ఆ కథలో కార్యసాధనేచ్ఛ ఎంత గలదో వారికే తెలియజేయుట, స్వంత లక్ష్యములను కాగితముపై పెట్టించుట అందలి ముఖ్యభాగములు. కాకినాడ, వెల్లూరులలో శిక్షణ పొందినవారిని రెండేండ్ల తరువాత పరిశీలింపగా, వారిలో సుమారు సగము మంది తమ వ్యాపారమున క్రొత్త ప్రయత్నములు చేసిరి. శిక్షణ లేనివారిలో అట్టివారు పావువంతు మాత్రమే. నాడు పటాన్‌చెరు ప్రాంతమున పరిశ్రమలు అప్పుడప్పుడే వేళ్లూనుచుండెను.

ఈ వృత్తికి పోగోరు విద్యార్థి ముందుగా ఒక భేదమును గ్రహింపవలెను. మనోవైద్యుడు ఎం.బి.బి.ఎస్. చదివి, పిమ్మట మనోవైద్యమున ఎం.డి. చేసిన డాక్టరు; మందులు వ్రాయు అధికారము ఆయనది. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఏ. లేక బి.ఎస్సీ., ఆపై ఎం.ఏ. లేక ఎం.ఎస్సీ. పట్టా పొందినవాడు. ఇక్కడ దారి చీలును. రోగులకు చికిత్స చేయదలచినవాడు క్లినికల్ శిక్షణ పొందవలెను. ఈ శిక్షణ మన దేశమున బెంగుళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో 1955లో మొదలైనది; 1974లో ఆ సంస్థయే నిమ్‌హాన్స్ అయినది. 1992 నాటి చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసికొనుట ఈ వృత్తికి తప్పనిసరి. రెండేండ్ల ఎం.ఫిల్. చిరకాలము దీనికి ప్రధానమార్గము. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఎం.ఫిల్.ను నిలిపివేయ నిశ్చయించుటచే ఆ రూపము మారినది. కావున చేరబోవువాడు తాను చదువదలచిన కోర్సునకు మండలి గుర్తింపు కలదో లేదో ముందు చూచుకొనవలెను. గుర్తింపు లేని పట్టాతో పోయిన రెండేండ్లు తిరిగి రావు.

పారిశ్రామిక శాఖను కోరువానికి దారి వేరు. ఎం.ఏ. తరువాత ఉద్యోగుల ఎంపిక, శిక్షణ, భద్రత, సంక్షేమము అతని క్షేత్రములు. 1948 నాటి కర్మాగారముల చట్టము 500 మంది, అంతకు మించిన కార్మికులు గల చోట సంక్షేమాధికారి ఉండవలెనని విధించినది. 2020 నాటి నూతన స్మృతి ఆ సంఖ్యను 250కి తగ్గించినది. ఆ ఉద్యోగమునకు వేరు అర్హతలు కలవు; కాని మనస్సును చదివినవాడు ఆ కుర్చీలో కూర్చున్న, పని వేరుగా నడచును. పరిశోధన కోరువారికి సంగారెడ్డి ప్రక్కనే, కందిలోని ఐ.ఐ.టి.లో అవకాశము కలదు.

ఈ చదువు అవసరమెంతటిదో 2025 జూన్ 30న ఈ ప్రాంతమునకు తెలిసివచ్చినది. పాశమైలారములోని ఒక ఔషధ పదార్థముల కర్మాగారమున పేలుడు సంభవించి 40 మందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో చాలమంది బీహారు, ఒడిశా మొదలగు రాష్ట్రములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. కాలిన గాయములకు ఆసుపత్రి కలదు. కాని అట్టి ప్రమాదము నుండి బ్రతికి బయటపడినవానికి నిద్ర పట్టకపోవచ్చును. చిన్న చప్పుడునకు గుండె అదరవచ్చును. మరల ఆ ద్వారము దాటుటకు కాళ్లు రాకపోవచ్చును. ఇవి పిరికితనము కాదు, చికిత్సకు లొంగు లక్షణములు. వానిని గుర్తించుటకు శాస్త్రము తెలిసియుండవలెను, కార్మికుని భాషయు తెలిసియుండవలెను. తెలుగుతోపాటు హిందీయో ఒడియాయో వినుచు పెరిగిన ఈ బస్తీల పిల్లలకు ఆ రెండవ అర్హత ముందే కలదు. మొదటిది చదివి సంపాదింపవలసినది. అందుకు పట్టు కాలము ఇంటర్మీడియేట్ తరువాత ఐదు మొదలు ఏడు సంవత్సరములు.