చౌక రేడియోలు – మరమ్మతు వృత్తి

చౌక వస్తువును బాగుచేయుట జీవనాధార మగునా యను ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికాలో 1930వ దశకము చివరినుండి అయిదు వాల్వుల చౌక రేడియోలు వ్యాపించెను. వెల తగ్గించుటకై ట్రాన్స్‌ఫార్మరును మాని, అయిదు వాల్వుల ఫిలమెంట్లను ఒకే వరుసగా గలిపిరి. అం దొకటి కాలినచో అయిదును చల్లారి, రేడియో మూగవోవును. అయినను వాల్వులు సాకెట్లలో గ్రుచ్చినవే గనుక, 1950వ దశకమున యజమానులే వానిని పెరికి, మందుల దుకాణములందలి పరీక్షాయంత్రముపై చూచి, చెడినదానిని మార్చుకొనుచుండిరి. మేస్త్రీకి మిగిలినవి కఠినమైన దోషములే.

చిక్కంతయు నిచ్చటనే కలదు. దోషమును వెదకుటకు బట్టు కాలము వస్తువు వెలతో పాటు తగ్గదు. ఖరీదైన రేడియోకు గంట పట్టినచో చౌకదానికిని గంటయే పట్టవచ్చును. కాని కూలి క్రొత్తదాని వెలను సమీపించినచో ఎవరును మరమ్మతు చేయింపరు.

1954లో రీజెన్సీ టీఆర్-1 అను ట్రాన్సిస్టరు రేడియో 49.95 డాలర్లకు వెలువడెను. అటుపిమ్మట వెలలు మిక్కిలి పడిపోయెను. భాగములను పలకపై టంకముతో అతుకుటయు సాధారణ మయ్యెను. వెదకుట కష్టమాయెను, కూలి గిట్టదాయెను.

అయినను వృత్తి నశింపలేదు. కూలి తక్కువయై, పాతవాని భాగములు దొరకెడి మన నగరములందు సెల్‌ఫోను మరమ్మతు నేటికిని సాగుచున్నది. ఒకే తరహా వస్తువులను పెక్కింటిని చూచిన మేస్త్రీ దోషమును చూపుతోనే పసిగట్టును. అట్లు మిగిలిన కాలమే యతని లాభము.