పాడి నిధులు, యాజమాన్య ప్రశ్న: జాతీయ పశుసంవర్ధక విధానం – విశాఖ గ్రామీణ ప్రాంతం (1928–2024)

వ్యాససంగ్రహం

భారతదేశంలో పశుసంవర్ధకరంగంపై ప్రభుత్వాలు వెచ్చించిన ధనం కాలానుగుణంగా మూడు మార్గాలలో ప్రవహించింది. మొదట జాతి అభివృద్ధికి, తరువాత సహకార పాలసేకరణకు, ఇటీవల వడ్డీ రాయితీలకు. ఈ మార్పుల క్రమాన్ని పరిశీలించి, ప్రజాధనంతో ఏర్పడిన పాడి సంస్థలపై అధికారం ఎవరిదనే వివాదాన్ని విశాఖ గ్రామీణ ప్రాంతం నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పశుసంవర్ధకం, వడ్డాది, ఆపరేషన్ ఫ్లడ్, పరస్పర సహాయ సహకార చట్టం, ఉత్పత్తిదారుల కంపెనీ.

1. ఉపోద్ఘాతం

చోడవరం సమీపంలోని వడ్డాది మధ్యయుగంలో మత్స్యవంశీయుల రాజధానిగా చరిత్రకు పరిచితం. ఇటీవలి వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. శారదా నదీ పరీవాహక ప్రాంతంలోని ఈ పల్లెలకు వరి, చెరకు ప్రధానమైన పంటలు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు, గోవాడలోని సహకార చక్కెర కర్మాగారం ఈ వ్యవసాయానికి ఆధారాలుగా నిలిచాయి. పొలం దున్నడానికి, గానుగ తిప్పడానికి, బండి లాగడానికి ఒకప్పుడు ఎద్దే శక్తి. యంత్రపు గానుగ, ట్రాక్టరు వచ్చిన తరువాత ఎద్దు స్థానం తగ్గి, గేదె పాలు ఇంటి ఖర్చులకు ఆధారమయ్యాయి. జాతీయ విధానంలోనూ దుక్కిపశువు నుంచి పాడిపశువు వైపు ఇటువంటి మార్పే కనిపిస్తుంది.

2. జాతి అభివృద్ధి దశ

1926లో నియమితమైన రాయల్ వ్యవసాయ కమిషన్ 1928లో నివేదిక సమర్పించింది. మేత కొరత వల్ల పశువులు బలహీనపడతాయని, బలహీనమైన పశువులతో పని సాగక రైతులు మరిన్ని పశువులను పెంచుతారని, దానితో మేత మరింత కొరవడుతుందని ఆ కమిషన్ గుర్తించింది. అయితే ఆచరణలో ప్రభుత్వాలు మేత సమస్యకన్నా ఆబోతుల ఎంపికపైనే ఎక్కువ శ్రద్ధ చూపాయి. 1940 నాటి మద్రాసు పశు అభివృద్ధి చట్టం ఆబోతులకు లైసెన్సు విధానాన్ని ప్రవేశపెట్టింది. మొదటి పంచవర్ష ప్రణాళికలోని కీలక గ్రామ పథకం కృత్రిమ గర్భధారణను గ్రామాలకు చేర్చింది. 1960 దశకంలో సాంద్ర పశు అభివృద్ధి పథకం దానికి కొనసాగింపుగా వచ్చింది.

ఇదే కాలంలో 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ గ్రామాల ఉమ్మడి భూములను ప్రభుత్వపరం చేసింది. జమీందారీలు విస్తారంగా ఉన్న విశాఖ జిల్లాకు ఈ మార్పు ముఖ్యమైనది. మేత పోరంబోకులపై నిర్ణయాధికారం రెవిన్యూ శాఖకు, పశువు బాధ్యత పశుసంవర్ధక శాఖకు చెందాయి. పశువు, మేత రెండు వేర్వేరు శాఖల విషయాలుగా విడిపోవడం తరువాతి విధానాలలోనూ కొనసాగిన లోపం.

3. ఆపరేషన్ ఫ్లడ్ నిధుల స్వరూపం

రాజ్యాంగం ప్రకారం పశుసంవర్ధకం రాష్ట్ర జాబితాలోని అంశం. అయినప్పటికీ పెద్ద నిధులు కేంద్రం నుంచే వచ్చాయి. 1965లో ఏర్పడిన జాతీయ పాడి అభివృద్ధి మండలి ఆధ్వర్యంలో 1970లో ఆపరేషన్ ఫ్లడ్ ఆరంభమైంది. దీని మొదటి దశకు బడ్జెట్ కేటాయింపులు ప్రధాన ఆధారం కావు. ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా విరాళంగా అందిన పాలపొడిని, వెన్ననూనెను నాలుగు మహానగరాలలో పాలుగా మార్చి విక్రయించగా వచ్చిన సొమ్మే పెట్టుబడి అయింది. విదేశీ సహాయం స్థానిక ఉత్పత్తిదారుని ధరను దెబ్బతీయకుండా, అతని సంస్థకే మూలధనంగా మారాలన్నది వర్గీస్ కురియన్ ఆలోచన. ఈ సహాయం పరాధీనతను పెంచుతుందని, సంకరజాతి పశువుల వైపు మొగ్గుతుందని 1980 దశకంలో విమర్శకులు వాదించారు. 1996లో ముగిసిన ఈ కార్యక్రమం ఆనంద్ నమూనాను దేశమంతటా వ్యాపింపజేసింది. గ్రామంలో సంఘం, జిల్లాలో యూనియన్, రాష్ట్రంలో సమాఖ్య అనే మూడంచెల నిర్మాణం దాని స్వరూపం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ క్రమం కొంత భిన్నంగా సాగింది. 1960 దశకంలో యూనిసెఫ్ సహాయంతో హైదరాబాద్, విజయవాడలలో ప్రభుత్వమే పాల పథకాలను నిర్వహించింది. 1974లో పాడి అభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. అంటే గుజరాత్‌లో రైతుసంఘం నుంచి సమాఖ్య పుట్టగా, ఇక్కడ ప్రభుత్వ శాఖ నుంచి సంస్థ, సంస్థ నుంచి సమాఖ్య పుట్టాయి. తరువాతి వివాదానికి బీజం ఈ జన్మక్రమంలోనే ఉంది.

4. యాజమాన్య వివాదం

1964 నాటి సహకార సంఘాల చట్టం రిజిస్ట్రారుకు విస్తృతాధికారాలు ఇచ్చింది. పాలకవర్గాన్ని తొలగించి అధికారులను నియమించడం దాని కింద సాధ్యమే. దీనికి ప్రత్యామ్నాయంగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటాధనం లేని సంఘాలకు స్వయంపాలన కల్పించడం దాని లక్ష్యం. పలు జిల్లా పాల యూనియన్లు ఈ చట్టం పరిధిలోకి మారాయి. విశాఖ యూనియన్ కూడా ఈ మార్గంలో నడిచి, అనంతరం ఉత్పత్తిదారుల కంపెనీ రూపం పొందింది. ఆ రూపానికి అవకాశం కల్పించినది 2002లో కంపెనీల చట్టానికి జరిగిన సవరణ. ఆ సవరణ ప్రకారం వ్యక్తిగత సభ్యులకు వాటాలతో నిమిత్తం లేకుండా ఒక్కొక్క ఓటే ఉంటుంది.

2006లో రాష్ట్రప్రభుత్వం 1995 చట్టాన్ని సవరించి, పాడి సంఘాలను దాని పరిధి నుంచి తొలగించింది. అవి మొదటినుంచీ 1964 చట్టం కిందనే ఉన్నట్లు పరిగణించాలని నిర్దేశించింది. మూడంచెల నిర్మాణం విచ్ఛిన్నమవుతోందనేది ప్రభుత్వ వాదన. సభ్యులు స్వచ్ఛందంగా ఏర్పరచుకున్న సంఘం స్వరూపాన్ని శాసనంతో మార్చరాదనేది సంఘాల వాదన. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2011 సెప్టెంబరు 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థిస్తూ, సవరణ సమానత్వ హక్కుకూ, సంఘాలు ఏర్పరచుకొనే స్వేచ్ఛకూ విరుద్ధమని ప్రకటించింది.

ఈ తీర్పు సంఘాల స్వేచ్ఛను నిలబెట్టింది. అయితే సభ్యునికి సంఘంలో నిజమైన అధికారం ఉన్నదా అనే ప్రశ్న న్యాయస్థానం పరిధికి వెలుపలిది. ప్రభుత్వ నియంత్రణ తొలగినంత మాత్రాన సభ్యుల నియంత్రణ వచ్చినట్లు కాదు. ఒకటి రెండు గేదెలున్న రైతుకు వెన్న శాతం కొలత, ధర, బోనసు, సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడిగే అవకాశం అన్నవే యాజమాన్యానికి ఆచరణలోని కొలమానాలు.

5. వడ్డీ రాయితీ దశ

2014 తరువాత రాష్ట్రీయ గోకుల్ మిషన్, జాతీయ పశుసంపద మిషన్ వచ్చాయి. 2019లో ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడింది. అదే ఏడాది గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల నియంత్రణకు అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. 2020లో 15,000 కోట్లతో పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి ఆరంభమైంది. 2024లో పాడి వసతుల నిధిని ఇందులో కలిపి మొత్తాన్ని 29,610 కోట్లకు పెంచారు. ఇందులో ప్రభుత్వం ప్రధానంగా 3 శాతం వడ్డీ భారాన్ని భరిస్తుంది. రైతు ఉత్పత్తిదారుల సంస్థలతోపాటు ప్రైవేటు కంపెనీలు, వ్యక్తిగత వ్యవస్థాపకులు కూడా అర్హులే. రుణార్హత ఉన్నవారికే ఈ రాయితీ అందుతుంది. కనుక పూచీకత్తు చూపలేని చిన్న పెంపకందారు దీనికి సహజంగానే దూరమవుతాడు.

6. ముగింపు

మూడు దశలలోనూ నిధులు పెరిగాయి. 1950–51లో సుమారు 1.7 కోట్ల టన్నులున్న దేశ పాల ఉత్పత్తి 2022–23 నాటికి 23 కోట్ల టన్నులు దాటింది. కాని 1928లోనే గుర్తించిన మేత సమస్య విధానంలో అంచున మిగిలింది. వడ్డాది వంటి చెరకు ప్రాంతాలలో పంట కోతకాలంలో చెరకు ఆకు మేతగా అక్కరకు వస్తుంది. వేసవిలో ఆ లోటును పూడ్చేది గడ్డి కొనుగోలే. పాలధరలోని లాభం అక్కడే తరిగిపోతుంది. కనుక పశుసంవర్ధక విధానాన్ని మూల్యాంకనం చేసేటప్పుడు కేటాయింపుల పరిమాణం ఒక్కటే ప్రమాణం కారాదు. ఆ ధనంతో ఏర్పడిన ఆస్తిపై ఉత్పత్తిదారునికి గల అధికారం, అతని పశువుకు గల మేత అనే రెండు ప్రమాణాలను చేర్చినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.