మెదడు కంతి

మెదడులో గాని, దానిని కప్పి ఉన్న పొరలలో గాని కణాలు అదుపు తప్పి పెరుగుట వలన ఏర్పడే గడ్డను మెదడు కంతి లేదా బ్రెయిన్ ట్యూమర్ అంటారు. ఇవన్నీ క్యాన్సర్లు కావు. అయితే పుర్రె సాగదు కనుక క్యాన్సర్ కాని కంతి కూడా మెదడుపై ఒత్తిడి పెంచి ప్రాణాపాయం కలిగించవచ్చు.

రకాలు

* ప్రాథమిక కంతులు: తలలోనే పుట్టేవి. పొరలలో పుట్టే మెనింజియోమా సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. గ్లయోబ్లాస్టోమా అతి వేగంగా పెరిగే క్యాన్సర్. మెడుల్లోబ్లాస్టోమా ఎక్కువగా పిల్లలకు చిన్నమెదడులో వస్తుంది.
* ద్వితీయ కంతులు: ఊపిరితిత్తులు, రొమ్ము మొదలైన అవయవాల క్యాన్సర్ మెదడుకు పాకుట వలన ఏర్పడేవి.

లక్షణాలు

* నిద్ర లేవగానే ఎక్కువగా ఉండే తలనొప్పి, వాంతులు
* చూపు మందగించుట, మాట తడబడుట
* ఒక పక్క కాలుచేతుల బలహీనత, నడకలో తూలుట
* ప్రవర్తనలో మార్పు
* మూర్ఛ

పెద్దవారికి తొలిసారి మూర్ఛ వచ్చినపుడు తాత్సారం చేయక వైద్యునికి చూపించాలి. మెదడులో క్షయ గడ్డలు ఉన్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కనుక ఎం.ఆర్.ఐ. స్కాన్, అవసరమైతే బయాప్సీ చేసి వ్యాధిని నిర్ధారిస్తారు.

చికిత్స

కంతి రకాన్ని, స్థానాన్ని బట్టి శస్త్రచికిత్స, రేడియేషన్, టెమోజోలమైడ్ వంటి మందులు వాడతారు. స్టెరాయిడ్లు మెదడు వాపును మాత్రమే తగ్గిస్తాయి. వాటితో తలనొప్పి తగ్గినంత మాత్రాన కంతి నయమైనట్లు కాదు.

ఆరోగ్యశ్రీ

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అప్పట్లో ఆ జిల్లాలోనివే. మెదడు శస్త్రచికిత్సలు ఈ పథకం కిందకు వస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో దీని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాదులోని నిమ్స్‌లో మెదడు శస్త్రచికిత్స, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ చికిత్స లభిస్తాయి.