రాన్ బరాసీ: ఆటగాడు, శిక్షకుడు

ఆస్ట్రేలియాలో కోడిగ్రుడ్డు ఆకారపు బంతితో ఆడు ఫుట్‌బాల్ ఒకటి కలదు. అందు బంతిని విసరరాదు. కాలితో తన్నవలెను, లేదా పిడికిలితో కొట్టి అందింపవలెను.

ఆ క్రీడలో సుప్రసిద్ధుడు రాన్ బరాసీ (1936–2023). తండ్రి 1941లో టోబ్రూక్ యుద్ధరంగమున మరణించెను. తండ్రి ఆడిన మెల్‌బోర్న్ జట్టుననే కుమారుడును చేరి, శిక్షకుడు నార్మ్ స్మిత్ ఇంట పెరిగి, ఆరుమార్లు విజేతల నడుమ నిలిచెను. అట్టివాడు 1965లో కార్ల్‌టన్‌కు ఆటగాడుగను, శిక్షకుడుగను తరలుట అభిమానులకు మనస్తాపము కలిగించెను.

1970 తుదిపోటీలో సగము ఆట ముగియునప్పటికి కార్ల్‌టన్ 44 పాయింట్లు వెనుకబడెను. బంతిని చేతితో అందించుకొనుచు ముందుకు సాగుడని బరాసీ ఆదేశించెను. 1,21,696 మంది ప్రేక్షకుల యెదుట కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్‌పై 10 పాయింట్లతో గెలిచెను. 1975లో నార్త్ మెల్‌బోర్న్‌కు తొలి విజయము చేకూర్చిన శిక్షకుడును ఆయనే.

అంతవరకు ఆపద్ధర్మముగా పలువురు తలచిన చేతి అందింపు, అటుపిమ్మట ఆ క్రీడలో దాడికి సాధనమైనది.